రాత్రి 310, మధ్యాహ్నం 60

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు రేడాన్ గురించే ఉన్నాయి. నేలలోంచి ఇళ్లలోకి చేరే రేడియోధార్మిక వాయువు అది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తెప్పించగలదు. పంతొమ్మిదేళ్ల పాటు ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగం ఇదే. ఇళ్లలో నెలల తరబడి ఉంచిన చిన్న ప్లాస్టిక్ బిళ్లలు మా దగ్గరకు వచ్చేవి. వాటిని వేడి క్షార ద్రావణంలో నానబెట్టి, రేడాన్ విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే ఆల్ఫా కణాలు తాకిన చోట ఏర్పడిన గుంటలను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టేదాన్ని. అందుకే మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేము కింది అంతస్తులో ఉంటాం. రేడాన్ కొలిచే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం కొన్నాను. మొదటి రోజు తెల్లవారుజామున 310 చూపించింది. మధ్యాహ్నం చూస్తే 60. మర్నాడు రాత్రి 240. ఆ గదిలోనే మా నాలుగేళ్ల పాప పడుకుంటుంది. తనకు ఈమధ్య పొడిదగ్గు వస్తోంది. భయంతో నాకు నిద్ర పట్టడం లేదు. ఇల్లు మారిపోవాలా? మా మామగారేమో "ఇన్నేళ్లూ కానిది ఇప్పుడేమవుతుంది" అంటున్నారు. ఆయనకు సిగరెట్ అలవాటు ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా పాప దగ్గు సంగతి. అది రేడాన్ వల్ల వచ్చింది కాదు. రేడాన్ దగ్గు తెప్పించదు, తలనొప్పి తెప్పించదు, కళ్లు మండించదు. పాపను పిల్లల వైద్యుడికి చూపించండి. పరికరం మీద అంకె తగ్గితే దగ్గు తగ్గుతుందేమోనని ఎదురుచూడవద్దు.

ఇక ఆ అంకెలు. మీ పరికరం చూపించేది బెకరెల్ లెక్క. ఒక ఘనపు మీటరు గాలిలో, ఒక్క సెకనులో ఎన్ని రేడాన్ పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయో ఆ సంఖ్య చెబుతుంది. 310 నిజమే, 60 కూడా నిజమే. పరికరం పాడైపోలేదు, మీ ఇంట్లో గాలి అలా మారుతోంది.

రాయి, మట్టి ఎక్కడిదైనా అందులో ఎంతో కొంత యురేనియం ఉంటుంది. అది కోట్ల సంవత్సరాలుగా క్షీణిస్తూ, మెట్టు మెట్టుగా రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. అంతవరకూ మట్టి రేణువుల్లో కదలకుండా ఉన్న ఘనపదార్థం అక్కడ వాయువుగా మారుతుంది. వాయువుకు కాళ్లొచ్చినట్టే. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 3.8 రోజులు. మట్టి సందుల్లోంచి పైకి వచ్చి మీ గచ్చు కిందకు చేరడానికి ఆ గడువు చాలు. ఇంట్లో గాలి బయటి గాలి కంటే వెచ్చగా ఉన్నప్పుడు పైకి లేచి, పై భాగం నుంచి బయటకు పోతుంది. దాంతో కింది గదుల్లో ఒత్తిడి కాస్త తగ్గి, ఇల్లు నేలలోని గాలిని లోపలికి పీల్చుకుంటుంది. గచ్చు బీటలు, గోడా నేలా కలిసే అంచు, పైపుల కోసం చేసిన రంధ్రాలు దానికి దారులు. రాత్రి బయట చల్లబడుతుంది, మీరు కిటికీలు మూస్తారు, అంకె పెరుగుతుంది. పగలు కిటికీలు తీస్తారు, పడిపోతుంది. గాలి, వాన, రుతువు కూడా దాన్ని మారుస్తాయి. ఒకే ఇంటి నుంచి, ఒకే గది నుంచి చలికాలంలో వచ్చిన బిళ్లకూ, కిటికీలు తెరిచి ఉంచే కాలంలో వచ్చిన బిళ్లకూ గుంటల లెక్కలో రెండింతల తేడా నేనే చూశాను.

ఊపిరితిత్తులకు జరిగే హాని ఏళ్ల తరబడి పీల్చిన గాలి సగటును బట్టి ఉంటుంది, ఒక రాత్రి అంకెను బట్టి కాదు. అందుకని గంటగంటకూ ఆ తెరను చూడటం ఈ రోజే మానేయండి. పరికరాన్ని పాప గదిలోనే ఒక చోట పెట్టి కనీసం మూడు నెలలు, వీలైతే ఏడాది వదిలేయండి. చివర్లో దీర్ఘకాల సగటు మాత్రమే చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లకు సూచించిన స్థాయి 100 బెకరెల్స్. అది సాధ్యం కాని చోట కూడా 300 దాటకూడదని చెప్పింది. అమెరికా పర్యావరణ సంస్థ 148 దగ్గర మరమ్మతు చేయించమంటుంది. ఆరుబయట గాలిలో సాధారణంగా 5 నుంచి 15 దాకా ఉంటుంది. 99 క్షేమం, 101 ప్రమాదం అని మాత్రం అనుకోవద్దు. అంకె ఎంత తగ్గితే ముప్పు అంత తగ్గుతుంది.

మీ మూడు అంకెలను బట్టి నేను చెప్పగలిగింది ఒక్కటే: మీ ఇంటిని ఓపికగా కొలవడం అవసరం. రాత్రికి రాత్రి ఇల్లు వదలాల్సిన అవసరం లేదు. పై అంతస్తులో గది ఉంటే పాపను అక్కడ పడుకోబెట్టండి. కొలత మాత్రం రోజూ గడిచే తీరులోనే సాగనివ్వండి. పరికరం కోసం కిటికీలన్నీ బార్లా తెరిచి పెడితే వచ్చే సగటు మీ ఇంటిది కాదు.

మామగారి మాటకు కూడా జవాబు చెప్పాలి. పీల్చిన రేడాన్‌లో ఎక్కువ భాగం తిరిగి ఊపిరితోనే బయటకు వచ్చేస్తుంది. హాని చేసేవి దాని నుంచి పుట్టే పొలోనియం పరమాణువులు. అవి ఘనరూపంలో ఉండి ధూళికీ, పొగకూ అంటుకుని, శ్వాసనాళాల గోడల మీద కూర్చుంటాయి. అక్కడే ఆల్ఫా కణాలను వెదజల్లుతాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపుతుంది, మన చర్మం మీది మృతకణాల పొర ఆపుతుంది. శ్వాసనాళం లోపలి పొరకు అలాంటి కవచం లేదు. ఆ దెబ్బ క్యాన్సర్‌గా బయటపడటానికి దశాబ్దాలు పట్టవచ్చు. కాబట్టి "ఇన్నేళ్లూ కానిది" అన్నది ధైర్యానికి ఆధారం కాదు.

యూరప్‌లో జరిగిన 13 అధ్యయనాలను కలిపి 2005లో వెలువరించిన లెక్క ఒకటి ఉంది. ఎప్పుడూ పొగ తాగని వెయ్యి మందిలో 75 ఏళ్లు వచ్చేలోగా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయేవారు రేడాన్ అసలు లేకపోతే దాదాపు 4, వంద బెకరెల్స్ ఉంటే 5, నాలుగు వందలు ఉంటే 7. అదే పొగతాగే వెయ్యి మందిలో 100, 120, 160. ఈ రెండు వరుసలను ఒక కాగితం మీద రాసి మామగారికి చూపించండి. వాదన పెట్టుకోవద్దు, ప్రేమగా అడగండి. మీ ఇంట్లో ముప్పును అన్నిటికంటే ఎక్కువగా తగ్గించే పని ఆయన చేతిలో ఉంది. రేడాన్ అంకె ఎంత వచ్చినా ఈ మాట మారదు.

ప్రశ్న: మా పక్కింటివారు పరీక్ష చేయించారు. చాలా తక్కువే వచ్చింది. రెండు ఇళ్లూ ఒకేసారి కట్టినవి. మేము విడిగా చేయించాలా?
– ఒక పాఠకుడు

జవాబు: చేయించండి. ఒకే గోడను పంచుకున్న రెండు ఇళ్ల బిళ్లలు ఒకసారి నా బల్ల మీదకు పక్కపక్కనే వచ్చాయి. ఒకదానిలో గుంటల కోసం వెతుక్కోవలసి వచ్చింది. రెండోదానిలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అదే సంఖ్య వచ్చింది. కింద రాతిలో ఒక పగులు, గచ్చులో ఒక బీట, పైపు చుట్టూ పూడ్చని ఖాళీ, ఇంతే తేడా ఉండి ఉంటుంది.

ఇళ్లలో రేడాన్ అమెరికా ప్రజల దృష్టికి వచ్చింది కూడా ఒక్క ఇంటి వల్లే. 1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, లిమెరిక్ అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు రేడియేషన్‌ను పసిగట్టే ద్వారం దాటుతుంటే గంట మోగేది. కేంద్రంలో ఇంకా విద్యుత్ ఉత్పత్తే మొదలు కాలేదు. చివరికి చూస్తే ఆయన ఆ రేడియేషన్‌ను ఇంటి నుంచే బట్టల మీద మోసుకొస్తున్నారని తేలింది. ఆ ఇంటి గాలిలో దాదాపు లక్ష బెకరెల్స్ ఉంది. ఆ ఇంట్లో చిన్న పిల్లలు కూడా ఉన్నారు. వాసన లేని, రంగు లేని వాయువు కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి, మరమ్మతు అయ్యాక తిరిగి అదే ఇంటికి వచ్చింది.

ప్రశ్న: గాలిని శుద్ధి చేసే యంత్రం ఉంటే సరిపోతుందా? ఇంటి మొక్కలు పీల్చేస్తాయా? గ్రానైటు బండ తీసేయాలా?

జవాబు: రేడాన్ జడవాయువు, అంటే దేనితోనూ చర్య జరపదు. ఆ యంత్రపు జల్లెడ ధూళిని పడుతుంది, దానికి అంటుకున్న పొలోనియాన్ని కొంత పడుతుంది. రేడాన్‌ను మాత్రం పట్టదు. నేల నుంచి అది వస్తూనే ఉంటుంది. మొక్కలు పెంచుకోండి, కానీ ఈ పని వాటి వల్ల కాదు. గ్రానైటు నుంచి రేడాన్ వస్తుంది, అయితే నేల నుంచి వచ్చేదానితో పోలిస్తే అది సాధారణంగా చాలా తక్కువ. బండ తీయించే ముందు గది గాలిని కొలవండి.

ప్రశ్న: పరీక్ష సరంజామా తెప్పించాను. అందులో బొగ్గు డబ్బా ఒకటి, ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఉన్నాయి. ఎక్కడ పెట్టాలి?

జవాబు: మీరు నివసించే గదుల్లో అన్నిటికంటే కింద ఉన్నదాంట్లో, ముఖ్యంగా పడక గదిలో పెట్టండి. నేలకు అర మీటరుకు పైన, కిటికీకీ, ఫ్యాను గాలికీ, వేడికీ దూరంగా ఉండాలి. వంటగది, స్నానాలగది వద్దు. తేమ బొగ్గును చెడగొడుతుంది.

బొగ్గు డబ్బా కొద్ది రోజుల పరీక్ష. దాన్ని తెరవడానికి పన్నెండు గంటల ముందు నుంచి కిటికీలు మూసి, పరీక్ష పూర్తయ్యేదాకా అలాగే ఉంచాలి. మూత పెట్టిన రోజే పంపించేయండి. పట్టుకున్న రేడాన్ 3.8 రోజులకోసారి సగమైపోతుంది. వారం ఆలస్యమైతే కొలవడానికి మిగిలేది కొంచెమే. ప్లాస్టిక్ బిళ్లకు ఆ తొందర లేదు, గుంటలు చెరిగిపోవు.

ఒక్క మాట మనవి చేసుకుంటున్నాను. పెట్టిన తేదీ, తీసిన తేదీ తప్పక రాయండి. మూడు నెలలు ఒకరి ఇంట్లో ఉండి వచ్చిన బిళ్ల మీద తేదీలు లేకపోతే నేను గుంటలు లెక్కపెట్టగలను గానీ జవాబు ఇవ్వలేను. అలాంటివి పక్కన పెట్టిన ప్రతిసారీ, ఆ ఇంట్లో జవాబు కోసం ఎదురుచూస్తున్న మనుషులే గుర్తొచ్చేవారు. ఒకరు బిళ్లను పిల్లలకు అందకూడదని బీరువాలో దాచి పంపారు. అది బీరువాలోని గాలి లెక్క చెప్పింది.

ప్రశ్న: ఏడాది సగటు 420 వచ్చింది. గచ్చు బీటలు సిమెంటుతో పూడిస్తే చాలని మేస్త్రి అంటున్నారు.

జవాబు: పూడ్చండి, కానీ అంతటితో ఆగవద్దు. కంటికి కనిపించని సందులు మిగిలే ఉంటాయి, కొత్త బీటలు పుడతాయి. బాగా పనిచేసే పద్ధతి వేరే ఉంది. గచ్చుకు రంధ్రం చేసి, కింద మట్టిలో చిన్న గుంట తవ్వి, అందులోంచి ఒక పైపును ఇంటి కప్పు పైదాకా తీసుకువెళతారు. ఎప్పుడూ తిరిగే ఫ్యాను ఒకటి పైపులో బిగిస్తారు. గచ్చు కింద ఒత్తిడి ఇంట్లోకంటే తగ్గుతుంది. రేడాన్ గదిలోకి రాకుండా పైపు దారి పట్టి కప్పు మీద గాలిలో కలిసిపోతుంది. ఫ్యానును మనుషులుండే గదుల్లో పెట్టనివ్వకండి. దాని తరువాతి పైపులో చిన్న లీకు ఉన్నా, గాఢమైన రేడాన్ ఇంట్లోకే చిమ్ముతుంది. పైపు కొస కిటికీల పక్కన తేలకూడదు.

పని అయ్యాక ఒక రోజు ఆగి, నెల లోపల చిన్న పరీక్ష చేయండి. ఆ తరువాత మొదటిసారి పెట్టిన గదిలోనే, అదే చోట, మళ్లీ ఒక బిళ్ల పెట్టండి. తేదీ రాసి.