మేనల్లుడికి, ఆ మాత్ర గురించి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు సగం చెప్పి ఆపేసిన మాట నాకు అర్థమైంది. ముప్పై ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ణి. కౌంటరు ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి, తరవాత గొంతు తగ్గించి అడిగేవాళ్లను ఎందరినో చూశాను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదురా. పదేళ్లుగా షుగర్ ఉన్నవాడివి. అది రక్తనాళాలనూ నరాలనూ దెబ్బతీస్తుంది, అంగస్తంభన తగ్గేది అందుకే. గుండె జబ్బు బయటపడకముందే ఒక్కోసారి ఇది కనిపిస్తుంది. కాబట్టి ముందు డాక్టరుకు చూపించుకో.

నువ్వు అడగబోయిన మాత్ర సిల్డెనాఫిల్, అదే వయాగ్రాలో ఉండే మందు. దాన్ని మామూలుగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. గంట ముందు వేసుకోవాలి, రోజుకు ఒక్కటే. కడుపునిండా బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. పనిచేయలేదని రెండోది మాత్రం మింగకు. తలనొప్పి, ముక్కు దిబ్బడ మామూలే. స్తంభన నాలుగు గంటలు దాటినా, చూపో వినికిడో ఉన్నట్టుండి తగ్గినా ఆసుపత్రికి పరుగెత్తాలి. మూలికలని చెప్పి అమ్మే పొట్లాల జోలికి పోకు, కొన్నింటిలో ఇదే మందు ఎంతో తెలియకుండా కలిపేస్తారు.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నది ఒక్క సంగతి కోసం. ఒకసారి ఒకాయన గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ రాసిన చీటీ ఇచ్చి, జేబులోంచి ఈ మాత్రల ఖాళీ స్ట్రిప్పు తీసి, "ఇదీ ఒకటివ్వండి" అన్నాడు. నా చేతులు చల్లబడ్డాయి. రెండూ రక్తనాళాలను వెడల్పు చేసేవే. కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రెండోది ఇవ్వలేదు. పక్కన కూర్చోబెట్టి, ఆయన డాక్టరుతో ఫోనులో మాట్లాడించాను.

నువ్విప్పుడు సార్బిట్రేట్ వాడటం లేదు, నిజమే. కానీ మన ఇళ్లలో గుండెల్లో నొప్పి అనగానే ఎవరో ఒకరు అది తెచ్చి నాలుక కింద పెట్టేస్తారు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, ఇలాంటిదే ఇంకో మాత్ర టడలాఫిల్ అయితే 48 గంటలు దాన్ని దగ్గరికి రానివ్వకూడదు. నొప్పి వస్తే 108కి ఫోన్ చెయ్యి. వచ్చినవాళ్లకు ఏ మాత్ర, ఎన్నింటికి వేసుకున్నావో మొదటి మాటగా చెప్పు. పక్కన పిల్లలున్నా సరే, చెప్పెయ్.

ప్రోస్టేటుకు, బీపీకి ఏమైనా వాడుతుంటే ఆ స్ట్రిప్పులన్నీ డాక్టరు ముందు పెట్టు. ఈ మాత్ర సంగతి మీ ఆవిడకు కూడా తెలియనివ్వు. ఆ వేళకు నువ్వు మాట్లాడలేకపోతే చెప్పాల్సింది తనే.

మీ మావయ్య