మా సిటీ చెత్త బిల్లులో రీసైక్లింగ్ సర్‌ఛార్జి వేస్తానంటోంది, ప్రొటెస్ట్ లెటర్ పంపితే ఆగుతుందా?

ఒక్క ఇంటి ఉత్తరంతో ఆగదండి. నోటీసు అందుకున్న ఇళ్లలో సగానికి పైగా రాతపూర్వకంగా వద్దంటే మాత్రం సిటీ ఆ రేటు వేయడానికి వీల్లేదు. అలా జరగడం నేనైతే చూడలేదు. అయినా పంపమనే చెబుతాను.

ఫ్రీమాంట్ పక్కన ఇల్లు కొన్నామని, రీసైక్లింగ్ పేరుతో చెత్త బిల్లు పెంచుతామని సిటీ నుంచి కవరు వచ్చిందని, ఇది ఆంధ్రాలో వేసిన చెత్త పన్ను లాంటిదేనా అని రాశారు. నేనూ ఈస్ట్ బేలోనే ఉంటాను. ఇప్పుడు చెప్పేదంతా కాలిఫోర్నియాకే, టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు దీన్ని పట్టుకుని సిటీ హాల్‌కి వెళ్లకండి.

ఆ కవరు మర్యాద కోసం పంపింది కాదు. 1996లో ఇక్కడి ఓటర్లు ప్రాపొజిషన్ 218 అనే రాష్ట్ర రాజ్యాంగ సవరణకు ఓటేశారు. దాని ప్రకారం ఇంటి మీద వేసే ఇలాంటి ఛార్జీ పెంచాలంటే ముందు ఇంటి యజమానికి పోస్టులో నోటీసు పంపాలి, ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగి పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. సర్వీసుకు అయ్యే ఖర్చు కంటే ఎక్కువ వసూలు చేయకూడదు, ఆ డబ్బు వేరే పనికి వాడకూడదు. ఇంటికి ఒక్క ప్రొటెస్టే లెక్క. మీరూ మీ ఆవిడా చెరొకటి పంపినా ఒకటే. మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఆ బిల్లు నేరుగా తామే కట్టేవాళ్లయితే, వాళ్లు రాసినా చెల్లుతుంది. ఉత్తరంలో అడ్రసు, పార్సెల్ నంబరు (మీ స్థలానికి కౌంటీ ఇచ్చిన నంబరు), ఏ ఛార్జీకి వ్యతిరేకమో, సంతకం ఉండాలి. ఈమెయిల్‌ని చాలా సిటీలు లెక్కలోకి తీసుకోవు, నోటీసులో చూసుకోండి.

ఇక్కడ కిటుకేమిటంటే, ఉత్తరం పంపని ప్రతి ఇల్లూ ఒప్పుకున్నట్టే. ఆ కవరేమో అచ్చం ఇన్సూరెన్స్ వాళ్లు పంపే చెత్త మెయిల్‌లా ఉంటుంది. మా వీధిలో సగంమంది విప్పకుండానే రీసైక్లింగ్ బిన్‌లో పడేశారు.

మా ఊరి హియరింగ్‌కు వెళ్లాను. అంతకుముందు అంశం ఏదో స్కూలు దగ్గర రోడ్డు క్రాసింగ్ గురించి, హాలు నిండా తల్లిదండ్రులు. వాళ్ల పనయ్యాక అందరూ లేచి వెళ్లిపోయారు. మిగిలిన నాలుగైదుగురం మైకు దగ్గర రెండేసి నిమిషాలు మాట్లాడాం. వచ్చిన ప్రొటెస్టుల సంఖ్య క్లర్క్ చదివింది, సగానికి ఆమడ దూరంలో ఉంది. కౌన్సిల్ ఓటేసింది, అయిపోయింది. చెత్త ఎత్తే కంపెనీతో సిటీ ఎప్పుడో సంతకం చేసిన కాంట్రాక్టులోనే రేటు ఎలా పెరగాలో సూత్రం రాసి ఉందని అక్కడే తెలిసింది. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు, హియరింగ్ అన్నిటికంటే చివర. నాకు మంటెక్కింది డాలర్ల గురించి కాదు, దీని గురించి. కాంట్రాక్టు రెన్యూవల్ ఎప్పుడో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి, మన మాటకు విలువ ఉండేది అప్పుడే.

ఇంకో మెలిక కూడా ఉంది. ఒక్కసారి హియరింగ్ జరిపి ఐదేళ్ల వరకు ధరల సూచీ ప్రకారం ఆటోమేటిక్‌గా పెంచుకునే వీలు చట్టం ఇచ్చింది. నోటీసులో మొదటి ఏడాది పెంపు ఒక్కటే చూసి ఇంతేగా అనుకోకండి, కింద ఆ లైను ఉందేమో వెతకండి.

మరి రీసైక్లింగ్‌కు ఎదురు డబ్బులెందుకు? మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు బిల్లు చూసి ఇదే అడిగారు. తెనాలిలో పాత పేపర్లవాడు తూకం వేసుకుని ఆయన చేతిలో డబ్బు పెట్టి వెళ్తాడు కదా. ఒకప్పుడు ఇక్కడా దాదాపు అంతే, అట్టలు, పేపర్లు, ప్లాస్టిక్ ఓడల్లో చైనాకు వెళ్లేవి, అమ్మిన డబ్బు బిల్లు తగ్గించేది. 2018 జనవరి నుంచి చైనా 24 రకాల వ్యర్థాల దిగుమతి ఆపేసింది. మిగతావాటిలో కూడా వేరే చెత్త 0.5 శాతం మించకూడదంది. అన్నీ ఒకే బిన్‌లో వేసే ఊళ్ల సరుకు ఆ శుభ్రతకు రాలేదు. కొనేవాళ్లు పోయారు, వేరుచేసే ఖర్చు మిగిలింది. దాని మీద కాలిఫోర్నియాలో ఎస్‌బీ 1383 వచ్చింది. 2016లో చేసిన చట్టం, నిబంధనలు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. కుళ్లే చెత్త ల్యాండ్‌ఫిల్‌కు, అంటే చెత్త పూడ్చే చోటికి వెళ్తే మీథేన్ వస్తుంది కాబట్టి వంటింటి వ్యర్థాలు విడిగా సేకరించాలని. ట్రక్కులు, కంపోస్టు ప్లాంట్లు, తనిఖీలు, అన్నీ మన బిల్లులోకే. కాబట్టి సర్‌ఛార్జి అంతా మోసమని నేననను.

కానీ అంతా రీసైక్లింగ్‌కే పోతోందనీ అనను. బిల్లులో కొంత భాగం కంపెనీ నుంచి ఫ్రాంచైజ్ ఫీజుగా, అంటే ఊళ్లో చెత్త ఎత్తే హక్కు ఇచ్చినందుకు, సిటీ ఖజానాకు తిరిగి వెళ్తుంది. ఓక్లండ్‌లో కొందరు దీని మీద కోర్టుకెళ్లారు. ఆ ఫీజు నిజానికి పన్నే అనే వాదనను విచారించాల్సిందేనని 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మీరు ఉత్తరంలోనూ మైకు దగ్గరా అడగాల్సింది ఇదే: పెంపులో ఎంత వేరుచేయడానికి, ఎంత ఫ్రాంచైజ్ ఫీజుకు, రేటు ఎలా లెక్కగట్టారో చెప్పే రేటు స్టడీ కాపీ ఎక్కడుంది? ‘ఇంత పెంచితే ఎలా బతకాలి’ అన్నవాళ్లకు కౌన్సిల్ సభ్యులు తల ఊపి ఊరుకున్నారు. ఫ్రాంచైజ్ ఫీజు ఎంత అని ఒకావిడ అడిగినప్పుడు మాత్రం స్టాఫ్ కాగితాలు తిరగేశారు.

ఆంధ్రా చెత్త పన్నుతో పోలిక సగమే సరిపోతుంది. అక్కడ 2021లో క్లీన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో యూజర్ ఛార్జీలు మొదలుపెట్టారు. తీర్మానాలు మున్సిపాలిటీలవే అయినా జనం తిట్టింది రాష్ట్ర ప్రభుత్వాన్నే. అది ఎన్నికల అంశమైంది, 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి రద్దు ప్రకటించారు. ఇక్కడ ఏ పార్టీ దీన్ని నెత్తికెత్తుకోదు. ఇక పన్ను రద్దయినంత మాత్రాన ట్రక్కు ఉచితంగా తిరగదు కదా, ఆ డబ్బు ఇంకో జేబులోంచి వస్తుంది.

హియరింగ్ సంగతి అలా ఉంచితే, బిల్లు నిజంగా తగ్గేది బిన్ సైజుతో. ఎక్కువ ఊళ్లలో రేటు నల్ల బిన్ (మామూలు చెత్తది) సైజును బట్టే ఉంటుంది. మునక్కాయ పిప్పి, కూర తొక్కలు, టీ పొడి, నూనె అంటిన పిజ్జా డబ్బా ఆకుపచ్చ బిన్‌లోకి (కంపోస్టుది) వెళ్తే 64 గాలన్లది 32కు దించుకోవచ్చు. మేమలాగే దించుకున్నాం, పెంపులో చాలా భాగం అక్కడే సర్దుకుంది. నలుగురు చుట్టాలు దిగిన వారం మాత్రం ఇబ్బందే. మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు సోనా మసూరి సంచి. అది రీసైక్లింగ్ బిన్‌లో వేయకూడదు, ఆ నేత ప్లాస్టిక్ వేరుచేసే మిషన్ల రోలర్లకు చుట్టుకుంటుంది. కూరగాయల కవర్లూ అంతే. పచ్చడి సీసా కడిగి వేయండి. కొన్ని ఊళ్లలో తనిఖీవాళ్లు మూత ఎత్తి చూసి బిన్‌కు ట్యాగ్ కడుతున్నారు, మళ్లీ మళ్లీ అయితే దానికి వేరే ఛార్జీ.

ఉత్తరం హియరింగ్ ముగిసేలోపు క్లర్క్ చేతికి చేరాలి. ఆ తేదీకి పోస్టు ముద్ర ఉంటే చాలనుకోకండి, వీలైతే స్వయంగా ఇచ్చి రసీదు తీసుకోండి.