జీ శ్రుతి బ్యూగిల్‌ని వేరే బ్యాండులో వాయించవచ్చా?

పాత డ్రమ్ కోర్ (డ్రమ్ములు, బ్యూగిల్‌లతో కవాతు చేసే బృందం) బ్యూగిల్ ఒకటి, ట్రంపెట్ లాంటి ఇత్తడి బాకా, చవగ్గా దొరికింది, జీ శ్రుతిది, ఊళ్లో బ్యాండువాళ్ల ట్రంపెట్లతో కలిపి వాయించవచ్చా అని అడిగారు. వాయించవచ్చు. ముందు దాని వాల్వులు, అంటే స్వరం మార్చడానికి వేలితో నొక్కే మీటలు, లెక్కపెట్టండి. శ్రుతి కలవదని అందరూ భయపెడతారు గానీ అసలు చిక్కు అక్కడ లేదు.

నేనుండేది పెన్సిల్వేనియాలో, అలెన్‌టౌన్ దగ్గర. ఆగస్టు వచ్చిందంటే ఇక్కడి స్టేడియంలో డ్రమ్ కోర్‌ల హోరు. మా పక్కింటి పెద్దాయన కుర్రతనంలో వాయించిన సొప్రానో (పై స్థాయి) బ్యూగిల్‌ని, నాకు ట్రంపెట్ వచ్చని తెలిసి, పెట్టెతో సహా తెచ్చి చేతిలో పెట్టారు. వెండి పూత అక్కడక్కడా లేచిపోయింది, వాల్వులు మాత్రం నూనె వేయగానే కదిలాయి. రెండే వాల్వులు.

దాన్ని పట్టుకుని మా ఊరి బ్యాండు రిహార్సల్‌కి వెళ్లాను. ట్రంపెట్ బీ ఫ్లాట్‌ది, ఇది దానికంటే కింద జీది కాబట్టి, ట్రంపెట్ కాగితం చూసి ప్రతి స్వరాన్నీ మూడు హార్మోనియం మెట్లు పైకి మార్చి వాయించాలి. వారం రోజులు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది, నాకూ వచ్చింది. మొదట అందరూ బీ ఫ్లాట్ పట్టి శ్రుతి చేసుకున్నారు. పై స్థాయిది కాబట్టి రెండో వాల్వుతో నాకూ పలికింది. బ్యాండ్‌మాస్టర్ తలెత్తి నా వైపు చూసి, బాగుందన్నట్టు తలూపాడు.

తర్వాత ఈ ఫ్లాట్‌లో ఒక ప్రార్థనాగీతం. కింది పంచమం మీద మొదలై షడ్జమానికి ఎగురుతుంది. ఆ పంచమం నా బ్యూగిల్‌లో లేదు. షడ్జమమూ లేదు! రెండింటికీ మూడో వాల్వు కావాలి. పై స్వరాన్ని పెదవితో కిందికి లాగి చూశాను. గొట్టం గరగరమంది తప్ప స్వరం నిలబడలేదు. పాటకి ఆధారమైన రెండు స్వరాలే లేకపోతే ఇంకేం వాయిస్తాం? పెట్టెలోంచి ట్రంపెట్ తీసుకున్నాను.

అందుకే చెబుతున్నాను: బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్ పాటలే వాయించే బ్యాండు అయితే మూడు వాల్వుల బ్యూగిల్ వెతుక్కోండి. డ్రమ్ కోర్ పోటీల్లో 1990 నుంచి మూడో వాల్వుకి అనుమతి ఉంది, కాబట్టి అప్పటి తర్వాతివి చూడండి. 2000లో ఏ శ్రుతి వాయిద్యమైనా వాడుకోవచ్చన్నారు. ఆ తర్వాత పోటీ కోర్‌లు చాలావరకు బీ ఫ్లాట్‌కి మళ్లిపోయాయి, జీ బ్యూగిల్‌లు అటకెక్కాయి. ఆ నిండుదనం, ఆ బరువు ఇప్పటి వాయిద్యాల్లో నాకు వినపడదు. అమెరికా మెరైన్ల డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్ మాత్రం జీని వదల్లేదు, వాళ్లకి దండం పెట్టాలి. కొందరైతే గొట్టాన్ని రంపంతో కోసి కురచ చేసి బీ ఫ్లాట్‌కి ఎక్కిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కోసిన గొట్టాన్ని మళ్లీ మునుపటిలా చేయడం కష్టం. ఒక ట్రంపెట్ కొనుక్కుంటే సరిపోయేదానికి ఒక వాయిద్యాన్ని చంపడం ఎందుకు?

నన్నడిగితే దీన్ని పాడేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. జీ అంటే మన లెక్కలో ఐదు శ్రుతి. మన ఆడవాళ్లు చాలామంది పాడేది అక్కడే. మా ఇంట్లో శనివారం భజనకి మా వదిన హార్మోనియం మీద ఐదు శ్రుతి పట్టగానే నేను హాలు చివర నిలబడి, బ్యూగిల్‌కి మ్యూట్ (శబ్దం తగ్గించే బిరడా) పెట్టి ఊదుతాను. వాల్వు ముట్టుకోకుండానే స, ప, పై స, ఆ పైన గ వరసగా పలుకుతాయి. మధ్య స్థాయి రి మాత్రం రెండు వాల్వులకి అందదు, దానికి పై స్థాయికి వెళ్లాల్సిందే. కాబట్టి వాళ్లు పాడుతున్నంతసేపూ కింద స, ప పట్టి ఉంచుతాను. చరణం అయ్యాక పై స్థాయిలో చిన్న జవాబు ఇస్తాను. తెనాలిలో పెళ్లి బ్యాండులో వాయించే మా బాబాయి నాకు ట్రంపెట్ నేర్పేటప్పుడు మొదటి నెలంతా ఆ స, ప రెండు స్వరాలే పట్టించాడు. పోయిన శనివారం భజన అయ్యాక మా వదిన, "మరిదిగారూ, వచ్చే వారం కూడా అదే తీసుకురండి, ట్రంపెట్ వద్దు" అంది.