లేసు అల్లుకునే నాకు దేవుడి పిలుపేమిటి?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది నరసాపురం దగ్గర పల్లె. నా వయసు 46. పెళ్ళయినప్పటి నుంచి లేసు అల్లుతున్నాను. మొన్న ఉజ్జీవ కూటాలకు వచ్చిన ప్రసంగీకులు, దేవుడు తనకిచ్చిన పిలుపేమిటో కనుక్కోని బతుకు వ్యర్థమన్నారు. నాకు పాట రాదు. సాక్ష్యం చెప్పడానికి లేస్తే గొంతు వణుకుతుంది. సువార్తకు వెళ్దామంటే మంచంలో అత్తగారు. తెల్లారింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా సూది, దారం, వంట. ఇందులో నా పట్ల దేవుని ఉద్దేశం ఎక్కడుంది? నేను అల్లిన పువ్వొకటి ఉత్తరంతో పంపుతున్నాను.
— ఒక సహోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: నీ పువ్వు అందింది తల్లీ. నాకు డెబ్బై రెండేళ్ళు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

నర్సుగా చేరిన కొత్తలో నేనొక మిషను ఆసుపత్రిలో పనిచేశాను. పొద్దున్నే వార్డులో వాక్యం చదివి ప్రార్థన చేసే వంతు నాది. అదే నా పిలుపని గట్టిగా నమ్మి, రోగులు మూలుగుతున్నా అధ్యాయం పూర్తిచేసేదాన్ని. ఆ వార్డులో ఒక ఆయా ఉండేది. చలికాలంలో ఎనామిల్ బెడ్‌పాన్ మంచుముక్కలా ఉంటుంది. ఆమె దాన్ని వేడినీళ్ళతో కడిగి, పాతగుడ్డతో తుడిచి, తన ముంజేతికి ఆనించి చూసుకుంటే గాని రోగి కింద పెట్టేది కాదు. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తుంటి ఎముక విరిగి రెండు నెలలు పడుకున్న ముసలమ్మ ఒకామె, ఇంటికి వెళ్ళేరోజు ఆ ఆయా చేతులు పట్టుకుని ఏడ్చింది. నా వైపు తిరిగి, "ఈ పాప బాగా చదువుతుంది" అంది. అంతే. ఆ మాట నన్ను చాలాకాలం గుచ్చింది.

పిలుపు అంటే మైకు అనుకోవడం మన సంఘాల్లో పాతుకుపోయింది. నిర్గమకాండము 31వ అధ్యాయం తీసి చూడు. బెసలేలును దేవుడు పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపింది ప్రసంగానికి కాదు. బంగారం, వెండి, ఇత్తడి పనికి, రాళ్ళు చెక్కడానికి, కర్రపనికి. ఇక యొప్పేలోని దొర్కా. ఆమె చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలు తెచ్చి పేతురుకు చూపించారు. పేతురు ప్రార్థనతో చచ్చి బతికిన మనిషి! అయినా ఆమె నోటి మాట ఒక్కటీ అపొస్తలుల కార్యములలో లేదు. బట్టల సంగతి మాత్రం ఉంది. గొంతు వణికితే వణకనీ.

మంచంలో అత్తగారు అడ్డమన్నట్టు రాశావు. ఆమె వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నావా? నర్సుగా అడుగుతున్నాను. తిప్పుతుంటే, సువార్తకు వెళ్ళలేకపోతున్నానని ఇంకెప్పుడూ రాయకు.

అలాగని కష్టానికి భక్తి పూత పూసుకుని ఊరుకోమనను. "మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" అన్న కొలొస్సయుల పత్రిక మాట కూలి తగ్గించేవాళ్ళకు మహా ఇష్టం. బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందన్న యాకోబు మాట వాళ్ళకు గుర్తుండదు. నరసాపురం లేసుకు 2024లో, ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. విదేశాలకు వెళ్ళే సరుకు. ఆ పేరులో కొంతైనా అల్లిన చేతులకు దక్కాలి కదా. ఏజెంటు దగ్గరికి ఒక్కదానివే వెళ్ళకు. మీ వీధిలో అల్లేవాళ్ళు నలుగురు కలిసి వెళ్ళండి. దారం ఎంత ఇచ్చాడు, ఎన్ని పువ్వులు తీసుకున్నాడు, ఎంత చెల్లించాడు, ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఇదీ నీ పిలుపులోనిదే అంటాను, మీ పాస్టరుగారు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే.

కళ్ళద్దాలు పెట్టుకుని నీ పువ్వును వెలుతురులో చూశాను. ఆరు రేకుల్లో ఒకదాని దగ్గర దారం కొద్దిగా నూగు లేచింది. తప్పు పడితే విప్పి, అదే దారంతో మళ్ళీ అల్లావు. పైసా రాని పువ్వు, అదీ నాలాంటి ముసలిదానికి పంపే పువ్వు. విప్పకపోయినా నాకు తెలిసేది కాదు. ఎందుకు విప్పావో రాయి. ఏజెంటు ఏమన్నాడో కూడా రాయి.