టెక్ సందేహాలు: పాత కంప్యూటర్‌కి రోజూ ‘కొత్త’ పరికరం

ప్రశ్న: నరసన్నపేటలో చిన్న డీటీపీ దుకాణం నాది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో పేజీలు పేర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు పెట్టుకుని శుభలేఖలు, కరపత్రాలు చేస్తుంటాను. టైము తప్పు చూపిస్తోందని మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ మార్పించాను. ఆ మర్నాటి నుంచి ఆన్ చేసినప్పుడల్లా ‘ఫౌండ్ న్యూ హార్డ్‌వేర్’ అని పెట్టె వస్తోంది. పేరు ‘పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్’ అంటోంది. రోజూ క్యాన్సిల్ కొడుతున్నాను. నేను కొత్తగా తగిలించింది ఏటీ లేదండి! బాగుచేసే కుర్రాడు డిస్క్ మొత్తం చెరిపేసి ఫార్మాట్ కొట్టేద్దామంటున్నాడు. కొడితే నా ఫాంట్ల గతి ఏటి?

జవాబు: ఫార్మాట్ కొట్టనివ్వకండి. కొట్టినా ఆ పెట్టె మళ్లీ వస్తుంది, ఫాంట్లు మాత్రం తిరిగి రావు.

అసలు సంగతి మీ ఉత్తరంలోనే ఉంది: బ్యాటరీ. ఆ బిళ్ల తీయగానే బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాంలో) దాచిన సెట్టింగులన్నీ చెరిగిపోయి, బోర్డు తయారైన నాటి స్థితికి వెళ్లిపోతాయి. మీ కంప్యూటర్‌ని మొదట బిగించినవాళ్లు అక్కర్లేదని ఆపేసిన భాగమేదో ఇప్పుడు తిరిగి మేలుకుంది. ఎక్స్‌పీకి అది కొత్త ముఖం. దాన్ని నడిపించే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, ఏదని అడుగుతోంది, అంతే.

ఆ పొడుగాటి పేరు చూసి కంగారు పడనక్కర్లేదు. పరికరం ఏదో విండోస్‌కి తెలియనప్పుడు తగిలించే మొక్కుబడి పేరది. అసలు పేరు పట్టుకోవాలంటే ‘మై కంప్యూటర్’ మీద రైట్ క్లిక్, ‘మేనేజ్’, ‘డివైస్ మేనేజర్’. పసుపు ప్రశ్నార్థకం ఉన్న వరస మీద రెండుసార్లు నొక్కి ‘డీటెయిల్స్’ చూడండి. బారెడు కోడ్‌లో ‘వీఈఎన్’ అన్న మూడక్షరాల తర్వాత నాలుగు అంకెలో అక్షరాలో ఉంటాయి. అది తయారీదారు నంబరు. 1106 అయితే వయా కంపెనీ చిప్‌సెట్. ఆ కాలపు వయా బోర్డుల్లో ఏసీ97 మోడెం (ఫోన్ తీగ ద్వారా ఇంటర్నెట్‌కి కలిపే భాగం) సరిగ్గా ఈ పేరుతోనే కనబడేది. 14ఎఫ్1 అయితే కొనెక్సంట్ మోడెం. 8086 అయితే ఇంటెల్ (1978లో వచ్చిన వాళ్ల ప్రాసెసర్ నంబరునే ఇక్కడా పెట్టుకున్నారు). ఇంటెల్ బోర్డుల్లో ఇది సాధారణంగా కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపించడానికి పెట్టిన మేనేజ్‌మెంట్ ఇంజిన్. ఆఫీసులకు పనికొస్తుందేమో గానీ శుభలేఖకు దానితో పనిలేదు.

మీ బ్యాటరీ కథ విన్నాక నా అనుమానం మోడెం మీదే. ఫోన్ తీగ గుచ్చి, ఆ కీచుమనే కూతలు విని, ఇంటర్నెట్ వచ్చిందని మురిసిపోయిన రోజుల సరుకు. దానికి ఇప్పుడు డ్రైవర్ వెతకడం అంటే లేని బండికి టైర్లు కొనడమే. ఆన్ చేయగానే ‘డిలీట్’ మీట వరసగా నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి, ‘ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్’ అన్న పేజీలో ‘ఏసీ97 మోడెం’ దగ్గర ‘డిసేబుల్డ్’ పెట్టి, ఎఫ్10తో సేవ్ చేయండి. పక్కనే ఏసీ97 ఆడియో ఉంటుంది, అది సౌండు, ముట్టుకోవద్దు. హార్డ్‌డిస్క్‌కి సంబంధించిన ఐడీఈ, సాటా సెట్టింగుల జోలికైతే అస్సలు పోవద్దు. అక్కడ తేడా వస్తే ఎక్స్‌పీ నీలిరంగు తెర చూపించి కూలబడుతుంది.

బయోస్ అంటే భయమా? అయితే డివైస్ మేనేజర్‌లోనే ఆ వరస మీద రైట్ క్లిక్ చేసి ‘డిసేబుల్’ అనండి. ‘అన్‌ఇన్‌స్టాల్’ కాదు. ఈ రెంటికీ తేడా తెలియక నా ముసలి కంప్యూటర్ మీద ఒక ఆదివారమంతా తగలేశాను. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ ఆ పరికరాన్ని మరిచిపోతుంది. మరిచిపోయింది కాబట్టే, మళ్లీ ఆన్ చేయగానే ‘కొత్తది దొరికింది’ అని మొదలెడుతుంది. డిసేబుల్ చేస్తే గుర్తుంచుకుని మరీ ఊరుకుంటుంది.

ఇంకో సంగతి. మీరు రోజూ క్యాన్సిల్ కొట్టడమే ఆ పెట్టె రోజూ రావడానికి సగం కారణం. ఒక్కసారి ఓపిగ్గా చివరిదాకా వెళ్లండి. విండోస్ అప్‌డేట్‌లో వెతకనా అంటే ‘నో, నాట్ దిస్ టైమ్’ ఎంచుకోండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది, అటు వెతికించడం కాలయాపన. తర్వాత ఆటోమేటిక్ అనండి. అది వెతికి వెతికి, దొరకలేదని చేతులెత్తేసే ఆఖరి పేజీలో ‘డోంట్ ప్రాంప్ట్ మీ అగైన్’ అన్న చిన్న గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టి ‘ఫినిష్’ నొక్కండి. మధ్యలో క్యాన్సిల్ కొట్టేవాళ్లకి ఆ గడి ఎప్పటికీ కనబడదు.

ప్రింటర్‌కి కూడా ఇలాంటి పెట్టె వస్తే కారణం వేరు. యూఎస్‌బీ తీగని ముందు గుచ్చిన రంధ్రంలో కాకుండా పక్కదాంట్లో పెడితే, సొంత సీరియల్ నంబరు చెప్పని ప్రింటర్‌ని ఎక్స్‌పీ ఇంకో ప్రింటర్ అనుకుంటుంది. జాబితాలో అదే పేరు పక్కన ‘కాపీ’ అని కనబడేది అందుకే. పాత రంధ్రంలోనే గుచ్చి, దాని మీద ఒక చుక్క రంగు పెట్టుకోండి.

ఆ కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి మాత్రం కలపకండి. ఖాతాదార్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు ముందు వేరే కంప్యూటర్‌లో స్కాన్ అయ్యాకే ఇందులోకి రావాలి. ముహూర్తాల రద్దీ మొదలవకముందే ఫాంట్లు, వాటి ఇన్‌స్టాలర్, పేజ్‌మేకర్ ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. ఆ డిస్క్ దుకాణంలో కాదు, ఇంట్లో ఉండాలి.

ప్రశ్న: బొబ్బిలిలో టీచర్ని. విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ తర్వాత టచ్‌ప్యాడ్ మొరాయిస్తోంది. పాత డ్రైవర్ పెట్టుకుంటే కొన్నాళ్లకి మళ్లీ కొత్తది వచ్చి కూర్చుంటోంది.

జవాబు: డివైస్ మేనేజర్‌లో టచ్‌ప్యాడ్ ప్రాపర్టీస్ తెరిచి ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. తర్వాత స్టార్ట్ దగ్గర ‘డివైస్ ఇన్‌స్టాలేషన్ సెట్టింగ్స్’ అని టైపు చేసి, వచ్చిన ప్రశ్నకి ‘నో’ అనండి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఈ ల్యాప్‌టాప్ విండోస్ 11కి అర్హమో కాదో కూడా ఈ సెలవుల్లో చూసుకోండి.

ప్రశ్న: పలాసలో జీడిపిక్కల వ్యాపారం మాది. లెక్కలు చూసుకునే కంప్యూటర్‌లో ‘మీ డ్రైవర్లు 31 పాతబడ్డాయి, వెంటనే డబ్బు కట్టి అప్‌డేట్ చేసుకోండి’ అని ఎర్రగా వస్తోంది. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. అది విండోస్ అడుగుతున్నది కాదు, వేరే ఏదో ఉచితంగా దించుకున్నప్పుడు దాంతోపాటు దూరిన ప్రోగ్రాం. కంట్రోల్ ప్యానెల్ ‘ప్రోగ్రామ్స్’ జాబితాని తేదీల వారీగా పేర్చి, ఎర్రపెట్టె మొదలైన రోజున చేరినదాన్ని తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ కొట్టాల్సింది ఇక్కడ.