విరిగిన పాలు పోయలేని తల్లి

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఆర్మీ సెలక్షన్ల కోసం రోజూ తెల్లారకముందే చెరువు కట్ట మీద 1600 మీటర్లు పరుగెత్తి వస్తాడు. మొన్న వాళ్ల కాలేజీలో ఖడ్గ తిక్కన నాటకం వేశారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొడుక్కి తల్లి విరిగిన పాలు పోస్తుంటే హాలంతా చప్పట్లు. నాకు మాత్రం చేతులు రాలేదు. సైనికుడి తల్లి కాబోతూ ఇంత పిరికిగా ఉండొచ్చా?
- ఒక తల్లి, గిద్దలూరు

జవాబు: అది పిరికితనం కాదమ్మా. చిన్నప్పుడు నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే, ఇప్పుడు కొట్టలేను.

అసలు తగువు దేనికి? 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధికీ పశువుల మందల దొర కాటమరాజుకీ మధ్య పుల్లరి గొడవ, అంటే పశువులు మేసిన గడ్డికి కట్టాల్సిన పన్ను. సైన్యం పోగొట్టుకుని ఇంటికొచ్చిన మనుమసిద్ధి సేనాని ఖడ్గ తిక్కనకి భార్య చానమ్మ మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద పక్కన పెట్టి, ఆడవాళ్లకి తోడినట్టు నీళ్లు తోడిందట. తల్లి ప్రోలమ్మ, నువ్వు విరిగొచ్చావు, పాలూ విరిగాయి అందట. ఆయన మళ్లీ వెళ్లి చచ్చిపోయాడు. ఆ చావుతో ఎవరి ప్రాణం నిలబడిందో ఎంత వెతికినా నాకు కనపడదు. తోటివాళ్ల మధ్య పడ్డ గ్రెనేడ్ మీదకి దూకినవాడి త్యాగం వేరు, అక్కడ బతికినవాళ్లు కళ్లెదుట ఉంటారు. సిగ్గుపెట్టి పంపితే అది వాడిచ్చిన ప్రాణం కాదు, మనం తీసుకున్నది. 1944 అక్టోబరు నుంచి జపాన్ కుర్రాళ్లని బాంబులు కట్టిన విమానాలతో శత్రువుల ఓడల మీదికి పంపినప్పుడు కూడా వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చారన్నారు, కానీ తోటివాళ్లందరూ చూస్తుండగా అడిగితే రానని చెప్పగలిగే కుర్రాడు ఎవడు?

ఆ ఖడ్గ తిక్కనకి దాయాదే మన కవి తిక్కన. విరాటపర్వం నుంచి భారతాన్ని తెలుగు చేసింది ఆయనే కదా, అందులో భీష్మపర్వంలో యుద్ధానికి ముందు రెండు పక్షాలూ ఒప్పుకున్న కట్టుబాట్లలో ఒకటి, వెన్నిచ్చినవాణ్ణి చంపకూడదని. శత్రువు కూడా వదిలేయాల్సినవాణ్ణి సొంత ఇల్లు వదల్లేదే అన్నది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చావుకి సిద్ధపడ్డాడు కాబట్టి వాడు చేసిందంతా ధర్మం అయిపోదు. అశ్వత్థామ చావుకి తెగించే శత్రువుల శిబిరంలోకి వెళ్లాడు, అయినా నిద్రపోతున్నవాళ్లని చంపడం ధర్మం కాలేదు, ఆ తర్వాత కడుపులో ఉన్న బిడ్డ మీద అస్త్రం వేసినందుకు శాపమూ తప్పలేదు. ఆయుధం పడేసి లొంగినవాణ్ణీ గాయపడి పడిపోయినవాణ్ణీ చంపకూడదని 1949 జెనీవా ఒప్పందాలూ చెబుతున్నాయి, మన దేశం కూడా వాటికి కట్టుబడింది.

మీవాణ్ణి ఆపమని నేననను. సరిహద్దులో ఎవరో ఒకరు నిలబడాలి, ఆ పనికి వాడు ఇష్టపడి వెళుతున్నాడు. ఎలా తిరిగొచ్చినా ఈ ఇంట్లో మంచి పాలే ఉంటాయని మాత్రం ముందే చెప్పండి. రేపు పరుగు అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగండి: చేతులెత్తినవాణ్ణి కాల్చమని పైవాడు చెబితే ఏం చేస్తావు నాన్నా అని. వెంటనే జవాబు రాకపోతే తొందరపెట్టకండి, రెండు రోజులాగి మళ్లీ అడగండి.