ఫొటోలు తీసింది మీరే, కానీ హక్కు ఎవరిది?

ప్రశ్న: నేను సొంతంగా పనిచేసుకునే ఫొటోగ్రాఫర్‌ని. ఒక రెస్టారెంటు యజమాని ప్రచారం కోసం లోపలి భాగం ఫొటోలు కావాలన్నారు. వాట్సాప్‌లో కొటేషన్ పంపితే ఓకే అని, సగం అడ్వాన్సు ఇచ్చారు. ఫ్లాష్ వద్దు, మా దీపాల వెలుగు ఉన్నదున్నట్టు కనిపించాలన్నారు. కస్టమర్లు వెళ్లిపోయాక రాత్రంతా మేలుకుని తీశాను. పని ముగిశాక నా తృప్తి కోసం మెట్ల పక్కనున్న దీపాల వరసను కూడా తీసి, మిగతా వాటితో పాటు అదే లింకులో పెట్టాను. అప్పగించి రెండేళ్ల పది నెలలైంది. మిగతా సగం అడిగితే ఫొటోలు చీకటిగా ఉన్నాయి, నాయిస్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) ఎక్కువ అంటూ అవమానకరంగా మాట్లాడుతున్నారు. అవే ఫొటోలను కత్తిరించి, నా పేరు తీసేసి ఆన్‌లైన్‌లోనూ బోర్డుల మీదా వాడుతున్నారు. దీపాల ఫొటో అయితే పెద్ద బోర్డు మీదే ఉంది. పూర్తి డబ్బు ఇవ్వలేదు కాబట్టి కాపీరైట్ నాదే కదా? ఫొటోలు తీయించేసి, క్రిమినల్ కేసు పెట్టాలనుకుంటున్నాను. మెమరీ కార్డులు ఫార్మాట్ చేశాను, ఫోన్ కూడా మార్చాను. రా ఫైళ్లు (కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైళ్లు) మాత్రం హార్డ్ డిస్కులో ఉన్నాయి.

జవాబు: ఆయన మిమ్మల్ని ఎంత మాట అన్నారన్నది కోర్టులో తేలే విషయం కాదు. అక్కడ తేలాల్సింది ఒక్కటే. ఆ ఫొటోలు ఎవరు అడిగితే తీశారు?

కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తే. మామూలుగా కర్తే మొదటి హక్కుదారు. కానీ సెక్షన్ 17(బి)లో ఒక మినహాయింపు ఉంది. ప్రతిఫలం తీసుకుని, ఒకరు కోరితే తీసిన ఫొటోకు కోరినవారే మొదటి హక్కుదారు, వేరే ఒప్పందం ఉంటే తప్ప. డబ్బు పూర్తిగా ముట్టలేదు కాబట్టి ప్రతిఫలం లేదన్న మీ వాదన నిలవదు. ఇస్తానన్న మాట కూడా కాంట్రాక్టు చట్టం దృష్టిలో ప్రతిఫలమే, పైగా అడ్వాన్సు మీ చేతికి వచ్చింది. బాకీ మిగిలిందంటే మీకు డబ్బు రావాలని అర్థం. ఫొటోల మీద హక్కు మీ దగ్గరే ఆగిపోయిందని కాదు.

దీన్ని తిరగరాయగలిగేది మీ కొటేషన్ ఒక్కటే. పూర్తి చెల్లింపు జరిగేదాకా కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దేనని అందులో ఒక్క వాక్యం ఉండి, ఆయన దానికి ఓకే అని ఉంటే కేసు స్వరూపమే మారిపోతుంది. అంత ముఖ్యమైన కాగితంలో ఏముందో మీరు రాయలేదు, కాపీ జత చేయలేదు. ముందు దాన్ని వెతకండి.

ఇక దీపాల వరస. మీరు పొడిపొడిగా చెప్పి వదిలేసిన ఆ ఫొటో దగ్గరే మీకు కాస్త బలం ఉంది. అది ఆయన అడిగింది కాదు. ఏయే మూలలు కావాలో ఆయన పంపిన జాబితా ఉండి, అందులో మెట్ల మాట లేకపోతే, ఆ ఒక్క ఫొటో మీదని వాదించవచ్చు. అదే లింకులో పెట్టారు కాబట్టి వాడుకోమని ఇచ్చినట్టేనని ఎదుటివారు తప్పక అంటారు. లింకు పంపినప్పుడు ఆ ఫొటో గురించి మీరేం రాశారన్నది అక్కడ తేలుస్తుంది. బోర్డు మీద అది ఉండగానే, చుట్టూ ఉన్న చోటు కూడా కనిపించేలా ఇవాళే ఒక ఫొటో తీసి ఉంచుకోండి. దాని మీద నష్టపరిహారానికీ ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లే గడువు.

ఇప్పుడు అసలు భయం. చెల్లింపు తేదీ అనుకోకుండా చేసిన పనికి రావాల్సిన డబ్బు కోసం లిమిటేషన్ చట్టం 1963, ఆర్టికల్ 18 ఇచ్చే గడువు మూడేళ్లు. పని పూర్తయిన రోజు నుంచి లెక్క. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. అది దాటాక దావా వేస్తే, ఎదుటివారు నోరు విప్పకపోయినా కోర్టే కొట్టేయాలి, సెక్షన్ 3 అలాగే చెబుతోంది. లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. చాలామంది ఇక్కడే మునుగుతారు. అడ్వాన్సు పని మొదలుకాక ముందే ఇచ్చారు కాబట్టి దానివల్ల కొత్త గడువు రాదు. బాకీ ఉందని ఆయన రాసి సంతకం చేసిన కాగితం గడువులోపుది ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. వచ్చే నెల సర్దుతానన్న వాట్సాప్ మెసేజ్‌ను సంతకం చేసిన కాగితంగా చూస్తారా అన్నది వాదించాల్సిన విషయం. దాన్ని నమ్ముకుని గడువు దాటనివ్వకండి.

డబ్బు కోసం పనిచేసే మనిషి కార్డులు ఫార్మాట్ చేసి, చాట్ బ్యాకప్ కూడా చూసుకోకుండా ఫోన్ మార్చేయడమేమిటి? రా ఫైళ్లు మిగలడం మీ అదృష్టం. ఫొటోలు బాగాలేవన్న ఆయన మాటకు అవే జవాబు. ఒక ఫైలు వివరాలు తెరిచి చూడండి. అర్ధరాత్రి దాటిన సమయం, ఆరు సెకన్లలాంటి పొడవైన ఎక్స్‌పోజర్ (కెమెరా వెలుగును తీసుకున్న వ్యవధి), తక్కువ ఐఎస్‌వో (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) కనిపించాలి. తర్వాతి ఫైళ్లు కూడా అదే కోణంలో, దీపం తెల్లగా మాడిపోకుండా, మూలలు నల్లబడకుండా వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసినవైతే మరీ మంచిది. ట్రైపాడ్ మీద, చేయాల్సిన పద్ధతిలో చేశారని ఆ వరస చెబుతుంది. ఫ్లాష్ వద్దన్న ఆయన మెసేజ్ పక్కన పెడితే, ఆ వెలుగు ఆయన కోరిందేనని తేలుతుంది. బాగాలేని ఫొటోలను ఇన్నాళ్లుగా బోర్డుల మీద ఎందుకు ఉంచారన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు ఉండదు. ఒకటి చూసుకోండి, ఆ సమయం కెమెరా గడియారం చెప్పింది. అది తప్పుగా పెట్టి ఉంటే ముందే మీ లాయరుకు చెప్పండి, ఎదుటి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మిగతా సాక్ష్యాన్నీ అనుమానిస్తారు.

ఆ హార్డ్ డిస్కును ఇక ముట్టుకోకండి. కాపీ తీసి కాపీ మీదే పనిచేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని దాఖలు చేసేటప్పుడు హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అక్షరాలు, అంకెల గుర్తు) ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. పాత ఫోన్ ఎక్కడుందో వెతకండి. దొరకకపోతే, మీకు సహాయకుడు ఉండి ఉంటే అదే చాట్ ఆయన ఫోన్‌లో ఉందేమో అడగండి. అడ్వాన్సు జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి.

మీరు అనుకుంటున్న అడ్డదారి మాత్రం తొక్కవద్దు. హక్కుదారుని నేనేనని వెబ్‌సైట్లకు ఫిర్యాదు చేస్తే, 21 రోజుల పాటు, లేదా కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా ఫొటోలు ఆగిపోవచ్చు. ఆ తర్వాత? సెక్షన్ 17(బి) చూపించి, ఆధారం లేని బెదిరింపని కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద ఆయనే మీ మీద దావా వేసి నష్టపరిహారం అడుగుతారు. డబ్బిస్తావా, పోలీసు కేసు పెట్టనా అని మెసేజ్ చేస్తే ఇంకా ప్రమాదం. బాకీ రావాల్సిన మీరే ముద్దాయి అయి కూర్చుంటారు.

పేరు సంగతి వేరు. కాపీరైట్ ఎవరిదైనా, తీసింది నేనేనని చెప్పుకునే హక్కు అదే చట్టం సెక్షన్ 57 కింద కర్తగా మీకుంది. కత్తిరించిన ప్రతి ఫొటోకూ కేసు రాదు, మీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా మార్చారని చూపించాలి.

చేయాల్సింది ఇది. ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. బాకీ, వడ్డీ, పేరు అడగండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే డబ్బు కోసం దావా దాఖలు చేయండి. మొత్తం మూడు లక్షలు, ఆపైన ఉంటే అది కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వు కోరని కేసుల్లో అక్కడ ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, ఆ కాలాన్ని గడువులో లెక్కించరు. రేటు గురించి మాట తేలకపోయినా, ఊరికే చేయని పని ఫలం అనుభవించినవారు దానికి ప్రతిఫలం చెల్లించాలన్న కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70ను దావాలో తప్పక రాయించండి. మధ్యలో రాజీకి వస్తే, ఈ ఫొటోలను మీ పోర్ట్‌ఫోలియోలో వాడుకోవడానికి అనుమతి ఆ కాగితంలోనే ఆయన సంతకంతో తీసుకోండి, హక్కు ఆయనది కాబట్టి అది లేకుండా మీరు కూడా వాడలేరు.